పడవ కిటికీకి పాలీకార్బొనేట్ ఎందుకు వద్దంటాను

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, మా పోర్ట్స్‌మత్‌లో ఉండే ఒక తమ్ముడు ఈమధ్య పాత సెయిల్ బోటు కొన్నాడు. 1970లలో కట్టిన 26 అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవ. సొంతూరు కాకినాడ, వాళ్ళ నాన్నగారికి అక్కడ చేపల బోట్లు ఉండేవి, కాబట్టి నీళ్ళంటే బెరుకు లేనివాడు. కొన్న తర్వాత పడ్డ మొదటి పెద్ద వానకే కేబిన్‌లో పరుపులు తడిసిపోయాయి. కిటికీల చుట్టూ నీళ్ళు దిగుతున్నాయి. కొత్త కిటికీలు కొలతకు చేయిద్దామని ప్లాస్టిక్ షీట్లు కోసే ఒక షాపుకి వెళ్తే, అక్కడున్నాయన పాలీకార్బొనేట్ ముక్క ఒకటి బల్ల మీద పెట్టి సుత్తితో బాది చూపించాడట. "చిట్లను కూడా చిట్లలేదన్నయ్యా. గాజు కన్నా 250 రెట్లు గట్టిదంట. ఇంకా ఆలోచించేదేముంది?" అని ఫోన్ చేశాడు.

"నీ పడవ కిటికీని సుత్తితో కొట్టేదెవరు?" అన్నాను.

ఆ ఫోన్‌లో చెప్పింది సగమే. మిగతాది ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇదే ప్రశ్న నన్ను వేరేవాళ్ళు కూడా అడిగారు, అందరికీ ఆ సుత్తి కథే ఎవరో ఒకరు చెప్పి ఉన్నారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తీరం వెంబడి తిరిగే పాత పడవకి, తెరుచుకోని కేబిన్ కిటికీలకి, క్యాస్ట్ అక్రిలిక్ (అచ్చులో పోసి తయారుచేసే, గాజులా కనిపించే ఇంకో ప్లాస్టిక్) షీటే సరైన సరుకు. పాలీకార్బొనేట్ గొప్ప పదార్థమే, కానీ అది గెలిచే పరీక్ష మన కిటికీలు రాసే పరీక్ష కాదు. అంతకంటే ముఖ్యం, ఏ షీటు వేశామన్నది సగం సంగతే. దాన్ని ఎలా కోశాం, చుట్టూ ఎంత సందు వదిలాం, ఎంత బిగించాం అన్నది మిగతా సగం.

పాత కిటికీ ఊడదీస్తే కనిపించేది

పోర్ట్స్‌మత్ ముందున్న సోలెంట్ జలసంధి తీరంలో ఏ మెరీనాకి (పడవలు కట్టేసి ఉంచే రేవు) వెళ్ళినా సగం పడవలు నలభై, యాభై ఏళ్ళవి. 1969 నుంచి 1980 దాకా వచ్చిన వెస్టర్లీ సెంటార్ అనే సెయిల్ బోటు మోడల్ ఒక్కటే 2,400 పైచిలుకు తయారైంది, వాటిలో చాలా పడవలు ఇంకా నీళ్ళ మీదే ఉన్నాయి. ఫైబర్‌గ్లాస్ కాయం అంత తేలిగ్గా చావదు. కట్టిన కంపెనీ పోతుంది, పడవ ఉంటుంది. కిటికీ పాడైతే కంపెనీకి ఉత్తరం రాసి తెప్పించుకునే రోజులు ఎప్పుడో పోయాయి. అందుకే కొలతకు చేయించుకోవడం తప్ప దారి లేదు.

మా పడవ కిటికీలు ఊడదీసినప్పుడు చూసింది చెబుతాను. షీటు అంచు మీద సీలెంట్ మూడు పొరలుగా ఉంది. అడుగున ఎండి పెచ్చులుగా లేచే నల్లటిది, దాని మీద తెల్లటిది, ఆ పైన బాత్రూమ్ టైల్స్‌కి వాడే మామూలు సిలికాన్. నీళ్ళు కారినప్పుడల్లా ఒక్కో యజమాని ఒక్కో పొర పూసుకుంటూ పోయాడన్నమాట. స్క్రూ తలలు షీటులోకి దిగబడేలా రంధ్రాలను గరాటు ఆకారంలో చెక్కి, బలం కొద్దీ బిగించారు. ప్రతి రంధ్రం నుంచీ చీలికలు బయలుదేరాయి, కొన్ని గోరంత పొడవు, కొన్ని పక్క రంధ్రం దాకా. షీటుని పైకెత్తి ఎండలో ఏటవాలుగా తిప్పితే లోపల లెక్కలేనన్ని సన్నటి వెండి గీతలు, సాలెగూడు మీద వెలుతురు పడ్డట్టు. వాటి వల్లే లోపల్నుంచి చూస్తే బయటంతా పొగమంచులా కనిపించేది.

అంత పాడైన షీటు కూడా పగిలి లేదు. బయట నుంచి ఏదో తగిలిన గుర్తు ఒక్కటీ లేదు. ఆ పడవ ఎన్ని తుఫాన్లు చూసిందో నాకు తెలియదు కానీ, ఆ కిటికీల్ని చంపింది దెబ్బ కాదు. ఎండ, స్క్రూలు, చుట్టూ చోటు లేకపోవడం. ఆ తర్వాత స్నేహితుల పడవల మీద పనిచేసినప్పుడూ ఇదే చూశాను.

మిల్లీమీటర్లో ముప్పావు వంతు

అక్రిలిక్ షీటు మీటరు పొడవుకి, వేడి ఒక్క డిగ్రీ పెరిగితే, 0.07 మిల్లీమీటర్లు సాగుతుంది. మామూలు గాజు 0.009 మాత్రమే. వినడానికి రెండూ చిన్న అంకెలే. కానీ 600 మిల్లీమీటర్ల కిటికీ తీసుకోండి. జనవరి తెల్లవారుజామున అది సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది. జూలై మధ్యాహ్నం, ముదురు రంగు షీటు అయితే, ఎండకి 50 డిగ్రీలకి చేరడం పెద్ద విషయం కాదు. అంటే 2.1 మిల్లీమీటర్లు సాగింది. దాని కింద ఉన్న ఫైబర్‌గ్లాస్ అదే వేడికి ఇందులో మూడో వంతు సాగుతుందేమో, తెల్ల రంగు వేసి ఉంటుంది కాబట్టి అంత వేడెక్కదు కూడా. రెండింటి తేడాని రెండు చివరలకీ పంచితే, ఒక్కో చివర దాదాపు ముప్పావు మిల్లీమీటరు. రంధ్రంలో స్క్రూ బిర్రుగా కూర్చుని ఉంటే ఆ ముప్పావు మిల్లీమీటరు ఎక్కడికి పోవాలి? షీటులోకే పోతుంది. ప్రతి పగలూ ప్రతి రాత్రీ, ఏళ్ళ తరబడి.

ఇక్కడే సుత్తి వాదం నాకు నచ్చదు. పాలీకార్బొనేట్ కూడా దాదాపు ఇంతే సాగుతుంది. దెబ్బకి 250 రెట్లు తట్టుకున్నా, సాగడంలో తేడా ఏమీ లేదు. తేడా అల్లా, అక్రిలిక్ తన బాధ చీలికల రూపంలో బయటపెడుతుంది. పాలీకార్బొనేట్ మొండిది, అంత తేలిగ్గా చీలదు, కాబట్టి ఆ కదలిక అంతా సీలెంట్ మీద పడి దాన్ని మెల్లగా చింపేస్తుంది. కిటికీ చూడ్డానికి నిక్షేపంలా ఉంటుంది, పరుపు మాత్రం తడుస్తుంది. నీళ్ళు ఎక్కడ్నుంచి వస్తున్నాయో వెతుక్కుంటూ ఆ యజమాని డెక్ మీద ఉన్న ప్రతి బోల్టునీ విప్పుతాడు.

ఇంకోటి కూడా ఉంది. పాలీకార్బొనేట్ అక్రిలిక్ కంటే మెత్తగా వంగుతుంది. ఒకే మందం షీట్లు రెండూ తీసుకుని నొక్కితే అక్రిలిక్ నిలబడినంత ఇది నిలబడదు. పెద్ద కిటికీని అల బలంగా తోస్తే, పగలకపోవచ్చు గానీ, మధ్యలో లోపలికి పొంగి అంచులు ఫ్రేమ్ గాడిలోంచి జారి మొత్తంగా ఊడి రావచ్చు. పగలని కిటికీ కేబిన్‌లోకి ఎగిరి వచ్చి పడ్డా రంధ్రం రంధ్రమే కదా. అందుకని పాలీకార్బొనేట్ వేసేవాళ్ళు ఇంకా మందం షీటు వేయాలి, అంచు కింద పట్టు ఇంకా వెడల్పుగా ఉండాలి. షాపులో సుత్తి పట్టుకున్నాయన ఈ ముక్క చెప్పడు.

ఎండ చేసే పని

పాలీకార్బొనేట్ 1953లో పుట్టింది. జర్మనీలో బాయర్ కంపెనీ, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ దాదాపు ఒకే సమయంలో విడివిడిగా కనుక్కున్నాయి. మోటార్‌సైకిల్ హెల్మెట్ ముందు ఉండే అద్దం దాంతోనే చేస్తారు. తల పగలకుండా కాపాడాల్సిన చోట దానికి సాటి లేదు. కానీ హైదరాబాద్‌లో ఎండలో తిరిగిన హెల్మెట్ అద్దం కొన్నేళ్ళకి ఎలా అవుతుందో అందరం చూసినదే. పసుపు రంగుకి తిరిగి, గీతలు పడి, రాత్రి ఎదురుగా వచ్చే లైట్లకి ఏమీ కనిపించకుండా పోతుంది. పాలీకార్బొనేట్‌ని అతినీలలోహిత కిరణాలు కొరికేస్తాయి. అందుకే షీటు తయారుచేసేవాళ్ళు పైన రక్షణ పూత వేస్తారు. కొన్ని షీట్లకి ఒకవైపే వేస్తారు, ఏ వైపన్నది మాస్కింగ్ ఫిల్మ్ మీద రాసి ఉంటుంది. తిప్పి బిగిస్తే అంతే సంగతులు. సరిగ్గా బిగించినా, కొలతకు కోసిన అంచు మీద, ఏటవాలుగా చెక్కిన అంచు మీద ఆ పూత ఉండదు.

అక్రిలిక్‌కి పూత అవసరం లేదు, ఎండని తట్టుకునే గుణం దాని స్వభావంలోనే ఉంది. ఈ పదార్థం ఎంత నెమ్మదైనదో చెప్పే సంగతి ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ యుద్ధ విమానాల్లో పైలట్ తల చుట్టూ ఉండే పారదర్శకమైన కప్పు అక్రిలిక్‌దే, ఇక్కడ దాన్ని పెర్‌స్పెక్స్ అంటారు. గుండ్లు తగిలి అది పగిలితే ముక్కలు పైలట్ల కళ్ళలో దిగబడేవి. ఆ ముక్కలు కంట్లోనే ఉండిపోయినా కన్ను వాటిని పరాయి వస్తువులా చూడటం లేదని హారాల్డ్ రిడ్లీ అనే కంటి డాక్టరు గమనించాడు. 1949 నవంబర్‌లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో, శుక్లం ఉన్న కంట్లో అదే పదార్థంతో చేసిన లెన్స్ పెట్టాడు. మదురైలో అరోల్యాబ్ 1992లో మొదలై అక్రిలిక్ లెన్సులు చవగ్గా తయారుచేశాక మన కంటి శిబిరాల్లో బీదవాళ్ళకి కూడా లెన్స్ పెట్టగలిగారు. మా అమ్మమ్మ కంట్లో పెట్టిందీ అలాంటిదే. ఆఖరిదాకా సూదిలో దారం తనే ఎక్కించుకునేది.

ఈ కథలో నా వాదానికి ఎదురు తిరిగే ముక్క కూడా ఉంది, దాన్ని దాచను. కంట్లో ముక్కలు దిగబడ్డాయంటే అక్రిలిక్ పగిలిందనే కదా. నిజమే, పగులుతుంది, పగిలితే పదునైన ముక్కలవుతుంది. గాజు కన్నా పది రెట్ల పైన దెబ్బ తట్టుకుంటుంది గానీ పాలీకార్బొనేట్ దరిదాపుల్లోకి కూడా రాదు. నేననేది ఒక్కటే. యుద్ధ విమానానికి గుండు తగలడం ఖాయం. మన పడవ కిటికీకి తగలడం ఖాయమైనవి ఎండ, ఉప్పు, చలి.

అన్నట్టు, క్యాస్ట్ అక్రిలిక్ అని నొక్కి చెబుతున్నాను. చవగ్గా దొరికే ఎక్స్‌ట్రూడెడ్ అక్రిలిక్ అని ఇంకో రకం ఉంది. చూపుకి రెండూ ఒకటే. రెండోది కోసేటప్పుడు వేడికి కరిగి అంటుకుంటుంది, వెంట్రుక గీతలు కూడా తొందరగా పడతాయి. ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఏ రకమో రసీదు మీద రాయించుకోండి.

బయటి సముద్రానికి వెళ్తే?

ఇది గట్టి ప్రశ్న. ఇంగ్లిష్ ఛానల్ దాటి బిస్కే అఖాతం వైపు వెళ్ళేవాళ్ళు, అట్లాంటిక్ దాటేవాళ్ళు నా మాట విని మోసపోకూడదు. అల పడవని పక్కకి పడేసినప్పుడు, కింద పడ్డ వైపు కిటికీలు రాతి గోడకి కొట్టుకున్నంత దెబ్బ తింటాయి. నీళ్ళు అంత గట్టిగా ఉంటాయని అనుభవం లేనివాళ్ళకి నమ్మశక్యం కాదు.

1979 ఆగస్టులో జరిగిన ఫాస్ట్‌నెట్ సెయిల్ బోట్ల రేసు గురించి ఇక్కడ ఇంకా చెప్పుకుంటారు. 303 పడవలు బయలుదేరాయి, తుఫాను మధ్యలో పట్టుకుంది, 15 మంది సెయిలర్లు చనిపోయారు, 24 పడవల్ని సిబ్బంది వదిలేశారు. ఆ తర్వాత జరిగిన విచారణ పడవల నిర్మాణంలో ఎక్కువగా వేలెత్తి చూపింది కేబిన్‌లోకి దిగే దారిని, దాన్ని మూసే పలకల్ని. పడవ తిరగబడ్డప్పుడు ఆ పలకలు జారి పడిపోయి నీళ్ళు లోపలికి వచ్చాయి. నేను దీన్నుంచి నేర్చుకున్నది, కిటికీ షీటు గురించి నెలల తరబడి తలపట్టుకునేవాళ్ళు తమ పడవలో ఆ పలకలకి గొళ్ళెం ఉందో లేదో ఒక్క నిమిషం చూడాలని.

అయినా పెద్ద కిటికీలతో దూరం వెళ్ళేవాళ్ళకి సమాధానం ఉంది. కిటికీ మీద బయట నుంచి బోల్టులతో బిగించే తుఫాను పలకలు. రోజూ ఎండలో ఉండవు, మామూలప్పుడు పరుపు కింద పడుంటాయి, అవసరమైన రెండు రోజులే బయటికి వస్తాయి. వాటికి పాలీకార్బొనేట్ బ్రహ్మాండంగా సరిపోతుంది. దెబ్బ కోసమే పెట్టేవి, వెలుతురు కూడా వస్తుంది. సుత్తి పరీక్ష సరిపోయే చోటు అదీ. ఐఎస్ఓ 12216 అని పడవ కిటికీలకే ఒక ప్రమాణం ఉంది. పడవ ఏ నీళ్ళలో తిరుగుతుంది, కిటికీ ఎంత పెద్దది, పడవలో ఏ చోట ఉంది అన్న లెక్కల మీద షీటు మందం తేలుస్తుంది. దూరం వెళ్ళేవాళ్ళు మెరీనాలో మాటలు కాకుండా ఆ లెక్క వేయించుకోవాలి.

పగలకపోవడమే ఆపద అయితే

ఇది రాయడానికి నాకు మనసు బరువుగా ఉంటుంది. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలకి వెళ్తూ కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ అనే పర్యాటక బోటు గోదావరిలో మునిగింది. నెల పైన గడిచాక, అక్టోబర్ 22న, కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం దాన్ని పైకి తీసింది. లోపల ఇంకా మృతదేహాలున్నాయి. ఆ ప్రమాదానికి కారణాలు వేరు, అది కిటికీల వల్ల జరిగిందని నేననడం లేదు. కానీ ఆ రోజులన్నీ టీవీ ముందే కూర్చున్న మాలాంటి వాళ్ళకి, మూసి ఉన్న కేబిన్ అంటే మునుపటిలా అనిపించదు. 2014 ఏప్రిల్‌లో దక్షిణ కొరియాలో సెవోల్ ఓడ ఒరిగిపోయినప్పుడు కోస్ట్‌గార్డు మనుషులు కిటికీ అద్దం పగలగొట్టి కొందర్ని బయటికి లాగారు. అక్కడ ఎవరూ పగలగొట్టలేని షీటు ఉండి ఉంటే?

ఇది కూడా పాలీకార్బొనేట్‌కి వ్యతిరేకంగా వాడుకుందామని నాకు ఆశ పుట్టిన మాట నిజం. కానీ న్యాయంగా మాట్లాడాలి. ఎనిమిది మిల్లీమీటర్ల అక్రిలిక్‌ని కూడా నీళ్ళు నిండుతున్న కేబిన్‌లోంచి పిడికిలితో పగలగొట్టలేం. చిన్న పడవలో పక్క కిటికీలోంచి మనిషి దూరడు కూడా. బయటపడే రెండో దారి పడవ ముందు భాగంలో పైన ఉండే హ్యాచ్, అంటే మూతలా తెరుచుకునే తలుపు. అది లోపల్నుంచి తెరుచుకోవాలి. పడవల అగ్ని భద్రతా ప్రమాణం ప్రకారం గుండ్రటిదైతే 450 మిల్లీమీటర్ల వ్యాసం, వేరే ఆకారమైతే ఇరుకు వైపు కనీసం 380 మిల్లీమీటర్లు ఉండాలి.

నన్ను భయపెట్టేది ఇక్కడి పడవల్లో చూసినదే. హ్యాచ్ కారుతోందని చుట్టూ సిలికాన్ పోసి శాశ్వతంగా మూసేసినవాళ్ళున్నారు. ఒక పెద్దాయన అలా మూసిన హ్యాచ్ కిందే మనవరాలికి పడక వేశాడు. ఆయనకి నచ్చజెప్పి, కొత్త రబ్బరు గ్యాస్కెట్ వేసి, మళ్ళీ తెరుచుకునేలా చేసేదాకా నాకు నిద్ర పట్టలేదు. మీరు కొత్త కిటికీల కోసం ఖర్చు పెట్టదలిస్తే మొదటి రూపాయి ఆ గ్యాస్కెట్‌కి పెట్టండి.

అచ్చు ఎక్కడ్నుంచి తీయాలి

కొలతకు చేసే షాపులు చాలావరకు "మీ పాత కిటికీ పంపండి, దాన్ని చూసి కొత్తది కోస్తాం" అంటాయి. సుళువే. కానీ పాత షీటు పడవతో పాటు వచ్చిందో, మధ్యలో ఎవరో చేతికొచ్చినట్టు కోసిందో మనకి తెలియదు. అది సరిగ్గా సరిపోయి ఉంటే అన్ని పొరల సీలెంట్ దేనికి? అచ్చు తీయాల్సింది పడవకున్న రంధ్రం నుంచి, లేదా ఫ్రేమ్ గాడి నుంచి.

మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క చాలు. రంధ్రం మీద పెట్టి లోపల్నుంచి పెన్సిల్‌తో గీసి, కోసి, ఆకురాయితో కొంచెం కొంచెం రుద్దుతూ సరిపోయేదాకా చూడాలి. అట్టతో చేస్తే మెరీనా చెమ్మకి వంగిపోతుంది. ఎడమ కిటికీ అచ్చు తిప్పి కుడివైపు వాడదామనుకోవద్దు. ఆ కాలపు పడవల్లో కిటికీ రంధ్రాలు చేత్తో కోసినవే, రెండు వైపులా ఒకేలా ఉండవు. మా పడవలో ఒక మూల వంపు రెండు వైపులకీ తేడా ఎంతుందంటే, ఎడమ అచ్చు కుడివైపు గాడిలో కూర్చోనే లేదు. ప్రతి అచ్చు మీదా పెద్ద అక్షరాలతో ఏ వైపుదో, ఏది పైకో, ఏ ముఖం బయటికో రాయాలి. మంచి షాపువాడు అడిగే మొదటి ప్రశ్న అదే. అంచు ఏటవాలుగా చెక్కాలంటే ఏ ముఖం వైపో అతనికి తెలియాలి కదా. అడగకుండా అచ్చు తీసుకుని లోపలికి వెళ్ళిపోయేవాడి దగ్గర్నుంచి అచ్చు వెనక్కి తెచ్చుకోండి.

అల్యూమినియం ఫ్రేమ్‌లో కూర్చునే షీటు అయితే గాడి కన్నా అన్ని వైపులా ఒకటిన్నర మిల్లీమీటర్లు చిన్నది కోయించాలి. ఫ్రేమ్ లేకుండా కేబిన్ గోడ మీదే అతికే రకం అయితే రంధ్రం కన్నా చుట్టూ 25, 30 మిల్లీమీటర్లు పెద్దది కావాలి, పట్టు అంతా అక్కడే. గోడకి వంపు ఉంటే ఇంకో లెక్క ఉంది. క్యాస్ట్ అక్రిలిక్‌ని వేడి చేయకుండా వంచి బిగించాలంటే వంపు వ్యాసార్ధం షీటు మందానికి కనీసం 200 రెట్లుండాలి. ఎనిమిది మిల్లీమీటర్ల షీటుకి 1.6 మీటర్లు. అంతకన్నా బిగువైన వంపులోకి బలవంతంగా లాగి బిగిస్తే అది ఒప్పుకున్నట్టే ఉంటుంది, రెండేళ్ళలో వెంట్రుక గీతలతో తిరిగి చెబుతుంది.

అంచు తళతళలాడాలని కొందరు షాపువాళ్ళు మంటతో పాలిష్ చేస్తారు. చూడముచ్చటగా ఉంటుంది గానీ ఆ వేడి అంచులో ఒత్తిడిని బంధించి వదిలేస్తుంది. తర్వాత ఏ థిన్నరో తగలగానే చీలికలు మొదలవుతాయి. మంట పాలిష్ చేస్తే ఓవెన్‌లో 80 డిగ్రీల దగ్గర ఉంచి మెల్లగా చల్లార్చాలి. అంత ఓపిక లేని షాపు అయితే అంచుని నున్నగా గీకి వదిలేయమనండి. ఎలాగూ అది సీలెంట్ కింద దాక్కునేదే. రంధ్రాలు కూడా అక్కడే వేయించండి. మామూలు డ్రిల్ మొన అక్రిలిక్‌ని కొరుక్కుని లాక్కుపోయి చిట్లగొడుతుంది, మొన పదును కాస్త చంపి వాడాలి. రంధ్రం బోల్టు కన్నా రెండు మిల్లీమీటర్లు పెద్దది, తల కింద చదును వాషర్. గరాటు చెక్కడం మాత్రం ఎప్పటికీ వద్దు, దిగబడిన స్క్రూ తల చీల దిగ్గొట్టినట్టే పనిచేస్తుంది.

సీలెంట్

దీని మీద గంటలు గంటలు వాదించుకునేవాళ్ళున్నారు, నేను క్లుప్తంగా చెబుతాను. పాలీసల్ఫైడ్ రకాలు ఈ ప్లాస్టిక్‌ల జోలికి తేవద్దు, వాటిలో ఉండే ద్రావకాలు షీటుని తినేస్తాయి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వద్దు. ఆరేటప్పుడు ఆ ఆమ్లం వదలని, న్యూట్రల్ క్యూర్ స్ట్రక్చరల్ సిలికాన్ అనే రకం కావాలి. ఏది వాడినా మందం ముఖ్యం. బోల్టులు బిగించేస్తే సీలెంట్ అంతా బయటికి వచ్చేసి లోపల కాగితమంత పొర మిగులుతుంది, ఆ పొర ముప్పావు మిల్లీమీటరు కదలికని తట్టుకోలేదు. మూడు మిల్లీమీటర్ల రబ్బరు ముక్కలు మధ్య మధ్య పెట్టి, వేలితో తిప్పినంత మాత్రమే బిగించి, పూర్తిగా గట్టిపడేదాకా వదిలేయాలి. మూడు మిల్లీమీటర్ల మెత్తటి సీలెంట్ ఉన్నచోట షీటు హాయిగా ఇటూ అటూ కదులుతుంది, నీళ్ళు రావు.

తర్వాత తుడవడానికి సబ్బు నీళ్ళు, మెత్తని గుడ్డ. అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్లు, అసిటోన్, థిన్నర్ తగలనివ్వద్దు.

గాజు మాటేమిటి

తమ్ముడు వాళ్ళ నాన్నగారికి వీడియో కాల్‌లో కిటికీలు చూపించాడట. ఆయన "ప్లాస్టిక్ ఏమిట్రా, అద్దం వేయించు. మన బోట్లకి వీల్‌హౌస్‌లో అద్దమే కదా వేసింది" అన్నారట. ఆయన మాట కొట్టేసేది కాదు. వీల్‌హౌస్ అంటే బోటు నడిపే గది, దాని ముందు కిటికీ నిటారుగా ఉంటుంది, పొద్దస్తమానం దాన్ని తుడుస్తూనే ఉండాలి, వైపర్ తిరుగుతుంది, ఉప్పు అరుగుతుంది. అక్కడ ప్లాస్టిక్ ఏదైనా ఒక్క సీజన్‌కే గీతలమయం. టఫెన్డ్ గాజు (వేడి చేసి గట్టిపరచిన గాజు) తప్ప వేరే మాట లేదు. కానీ సెయిల్ బోటు పక్క కిటికీలోంచి చూస్తూ ఎవరూ పడవ నడపరు. పైగా టఫెన్డ్ గాజుని తయారయ్యాక కోయడం, రంధ్రం వేయడం కుదరదు, రెండు మిల్లీమీటర్లు తేడా వస్తే షీటు మొత్తం వృథా. చేత్తో కోసిన వంకర రంధ్రాలున్న పడవకి అది పెద్ద టెన్షన్. నాన్నగారికి ఈ తేడా చెబితే వెంటనే పట్టుకున్నారట, "అయితే అంచు ఎంత పట్టుంటుందో చూసుకోమను" అన్నారట. ఇంతసేపు నేను చెబుతున్నదీ ఆయన ఒక్క మాటలో అడిగారు.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. ఫ్రేమ్‌తో సహా కొత్త కిటికీలు చేయిస్తే షీటు ఒక్కటే కోయించిన దానికి కొన్ని రెట్లవుతుంది. అల్యూమినియం ఫ్రేమ్ ఉప్పుకి తినేసి పొడిపొడి అవుతుంటే తప్పదు. లేకపోతే పాత ఫ్రేమ్ శుభ్రం చేసుకుని, కొత్త గ్యాస్కెట్, కొత్త షీటు వేసుకోవడమే మంచిది. కోతకి షాపు, అచ్చుకీ బిగింపుకీ మనం, ఇలా పని పంచుకుంటే నయమని నా అనుభవం. బిగింపుకి గంటల లెక్కన డబ్బు తీసుకునేవాడు సీలెంట్ ఆరేదాకా ఆగలేడు, ఆగమనడం కూడా న్యాయం కాదు.

తమ్ముడు పక్క కిటికీలకి ఎనిమిది మిల్లీమీటర్ల క్యాస్ట్ అక్రిలిక్, లేత బూడిద రంగుది, ఆర్డర్ ఇస్తున్నాడు. ఆ సుత్తి దెబ్బ తిన్న పాలీకార్బొనేట్ మీద మోజు ఇంకా పోలేదు, వచ్చే ఏడాది ఛానల్ దాటి ఫ్రాన్స్ వెళ్ళే ఆలోచన ఉంది కాబట్టి దాంతో తుఫాను పలకలు కోయించుకోమన్నాను. బిగింపు పని మాత్రం మే నెల దాకా ఆపమన్నాను. ఇప్పుడు పొద్దున్నే ఫైబర్‌గ్లాస్ మీద చెయ్యి పెడితే తడి అంటుతోంది, తడి గోడకి ఏ సీలెంటూ పట్టదు. ఈలోపు పాత సీలెంట్ గీకడానికి ప్లాస్టిక్ బ్లేడ్లు తెచ్చుకుని, ఆ తర్వాత రంధ్రాల మీద ప్లైవుడ్ బిగించి, ముందు హ్యాచ్ గ్యాస్కెట్ మార్చే పని పెట్టుకుంటాడు.